కోరంటి రోజులు మళ్లీ రాకముందే: హైదరాబాద్ వాళ్లకు కొన్ని జాగ్రత్తలు

నల్లకుంట ఫీవర్ ఆస్పత్రిని మా అత్తగారు ఇప్పటికీ కోరంటి దవాఖానా అనే అంటారు. క్వారంటైన్ అన్న మాట ఈ ఊరి జనం నోట్లో నలిగి నలిగి కోరంటి అయింది. అంటురోగం ఈ నగరానికి ఎంత పాత చుట్టమో ఆ ఒక్క మాటలోనే తెలుస్తుంది.

వానలు మొదలవుతున్నాయి. జ్వరాలు ఎలాగూ వస్తాయి. ఎప్పుడో ఒకప్పుడు కరోనా లాంటిది ఇంకొకటి కూడా రావచ్చు. అది వచ్చిన రాత్రి పరుగులు పెట్టకుండా, ఇంట్లో అందరూ బాగున్నప్పుడే చేసిపెట్టుకోవాల్సిన పనులు రాస్తున్నాను. ఎవరిని, ఎక్కడ, ఏ నంబరులో అడగాలో ముందే తెలిసి ఉండటం మందులంత ముఖ్యం. ఇది నాకు 2021 మే నెలలో తెలిసొచ్చింది.

రాత్రి పదకొండు దాటింది. ఎదురింటి కోడలు ఫోన్ చేసింది. "అక్కా, మామయ్యకి ఆక్సిజన్ 89 చూపిస్తోంది. ఏం చెయ్యాలి?" గొంతు వణుకుతోంది. నా ఫోన్‌లో ఎవరో పంపిన లిస్టు ఉంది, ఆక్సిజన్ సిలిండర్లు దొరికే చోట్లని. ఇరవైకి పైగా నంబర్లు. సగం ఆమె, సగం నేను పంచుకుని ఫోన్లు మొదలుపెట్టాం. చాలావరకు స్విచాఫ్. కొన్ని మోగి మోగి ఆగిపోయాయి. ఒకాయన మాత్రం ఎత్తి, "అమ్మా, అది పోయిన నెల లిస్టు. నా దగ్గర ఒక్క సిలిండర్ కూడా లేదు" అన్నాడు. పాపం, ఆయన గొంతు కూడా అలసిపోయి ఉంది. గడియారం చూస్తే నలభై నిమిషాలు గడిచిపోయాయి. అప్పుడు గానీ 108కి చెయ్యాలని తోచలేదు మాకు. ఆ మామయ్య, మాకు బాబాయి గారు, బతికారు. కానీ ఆ నలభై నిమిషాలు గుర్తొస్తే నాకు ఇప్పటికీ కడుపులో తిప్పినట్టు ఉంటుంది. మేం మొదట చూడాల్సింది ఒక్కటే: ఆ లిస్టు మీద తేదీ ఉందా? లేదు.

అందుకే మొదటి పని, ఒక కాగితం. ఫోన్‌లో కాదు, ఫోన్ చార్జింగ్ అయిపోతుంది, లాక్ ఎవరికీ తెలియదు. తెల్లకాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి ఫ్రిజ్ మీదో తలుపు వెనకో అంటించండి. అంబులెన్స్‌కి 108, ఆరోగ్య సలహాకి 104, నగరపాలక సంస్థ జీహెచ్‌ఎంసీ కాల్ సెంటర్ 040-21111111. ఒంటరిగా ఉండే పెద్దవాళ్లకు సాయం కావాలంటే ఎల్డర్‌లైన్ 14567. నిద్రపట్టనంత భయం, దిగులు ఉంటే టెలిమానస్ 14416, ఇది ఉచితం. వీటి కింద మీ బస్తీ దవాఖానా ఎక్కడుందో, మీ వాడకి వచ్చే ఆశా వర్కర్ నంబరేదో, రాత్రి తెరిచి ఉండే మెడికల్ షాపు ఏదో రాయండి. మీ ఇల్లు నగరపాలక సంస్థలో ఏ సర్కిల్ (పాలనా విభాగం) కిందికి వస్తుందో కూడా రాయండి, తెలియకపోతే ఇంటి పన్ను రసీదు మీద ఉంటుంది. వార్డుల హద్దులు మారుతుంటాయి కాబట్టి పాత రసీదును నమ్ముకోకుండా ఒకసారి కనుక్కోండి. కాగితం చివర ఈ రోజు తేదీ వెయ్యండి. మూడు నెలలకోసారి ఒక్కో నంబరుకి ఫోన్ చేసి పనిచేస్తుందో లేదో చూడండి. 108కి మాత్రం ఊరికే చెయ్యకండి, ఆ లైను ఎవరి ప్రాణానికో కావాలి.

బస్తీ దవాఖానాల గురించి ఇంకొంచెం చెప్పాలి. 2018లో మొదలైన ఈ చిన్న ఆస్పత్రుల్లో ఒక డాక్టరు, ఒక నర్సు ఉంటారు. చూడటం, మందులు ఉచితం. రక్తం అక్కడే తీసుకుని పరీక్షకు పంపుతారు. మధ్యతరగతి కాలనీల్లో చాలామంది అది మన కోసం కాదనుకుంటారు. అది పొరపాటు. జ్వరం లేనప్పుడే ఒకసారి వెళ్లి బీపీ చూపించుకుని రండి. దారి తెలుస్తుంది, ఏ టైముకి తెరుస్తారో తెలుస్తుంది, నర్సమ్మకి మీ ముఖం గుర్తుంటుంది.

ఇక సమాచారం. కరోనా రోజుల్లో రాష్ట్ర ఆరోగ్యశాఖ రోజూ బులెటిన్ ఇచ్చేది. అందులో జీహెచ్‌ఎంసీ పరిధిలో ఎన్ని కేసులో విడిగా ఉండేది. ఏ ఆస్పత్రిలో ఎన్ని బెడ్లు ఖాళీ అని వెబ్‌సైట్‌లో పెట్టేవాళ్లు. మళ్లీ అలాంటి రోజులొస్తే వాట్సాప్‌లో వచ్చింది కాక మూలం చూడండి. ఎవరు ఇచ్చారు, ఏ రోజు, ఏ గంటకి, ఏ ప్రాంతానికి. ఈ నాలుగూ లేని సమాచారాన్ని ఇంకొకరికి పంపొద్దు, దయచేసి. బెడ్ ఖాళీ ఉందని కనిపించినా ఇంట్లోంచి కదిలే ముందు ఫోన్ చేసి అడగండి. మా బంధువులొకరు అలా చూసి ఒక ప్రైవేట్ ఆస్పత్రికి వెళ్తే, అడ్వాన్స్ ఎంత కడతారన్నదే మొదటి ప్రశ్న అయింది. 2020 జూన్‌లో ప్రభుత్వం ప్రైవేట్ ఆస్పత్రులకు కరోనా చికిత్స ధరలు నిర్ణయించింది. రోజుకి సాధారణ వార్డుకి 4,000 రూపాయలు, ఐసీయూకి 7,500, వెంటిలేటర్ పెడితే 9,000. ఖరీదైన మందులు వీటికి అదనం. ఈ సంగతి చాలామందికి తెలియక అడిగినంతా కట్టారు. ఇంకోసారి వస్తే అంకెలు వేరే ఉండొచ్చు. ప్రభుత్వం ధర పెట్టిందా, ఆ జీవో ఏది అని కౌంటర్ దగ్గర అడగండి. ప్రతి బిల్లూ దాచుకోండి.

ఇంట్లో ఉండాల్సిన వస్తువులు ఎక్కువేం లేవు. థర్మామీటర్, పల్స్ ఆక్సీమీటర్, దానికి అదనంగా బ్యాటరీలు, పారాసెటమాల్, ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు, మాస్కులు. బీపీ, షుగర్ మందులు నెలరోజులకి సరిపడా. ఆక్సీమీటర్ పెట్టేటప్పుడు గోరింటాకు, నెయిల్ పాలిష్ లేని వేలు చూసుకోండి. చెయ్యి చల్లగా ఉంటే రెండు చేతులూ రుద్దుకుని, నిమిషం ఆగి చూడండి. కూర్చున్నప్పుడు బాగానే ఉన్నా, గదిలో ఆరు నిమిషాలు నడిచాక ఎంత ఉందో చూడమని అప్పట్లో డాక్టర్లు చెప్పేవారు. 94 కంటే తగ్గితే తెల్లారేదాకా ఆగొద్దు, వెంటనే డాక్టరుకో 108కో చెప్పండి. అంకె బాగానే ఉండి మనిషికి ఆయాసం ఉంటే మనిషినే నమ్మండి.

స్టెరాయిడ్ మాత్రలు మాత్రం డాక్టరు రాస్తే తప్ప ముట్టుకోవద్దు. 2021లో ఒకరి చీటీ చూసి ఇంకొకరు వాడేశారు. షుగర్ ఉన్నవాళ్లకు అది ఎంత ప్రమాదమో బ్లాక్ ఫంగస్ వచ్చాక అర్థమైంది. ఆ మే నెలలో కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని ఆ రోగుల కోసమే కేటాయించాల్సి వచ్చింది.

రెండు గదుల ఇళ్లలో రోగిని విడిగా ఉంచడం కష్టమే, నాకు తెలుసు. విడి గది లేకపోతే కనీసం గాలి ఆడాలి. కిటికీ, ఎదురు తలుపు రెండూ తెరిచి రోగిని కిటికీ వైపు పడుకోబెట్టండి. గదిలోకి వెళ్లేవాళ్లు, రోగి ఇద్దరూ మాస్క్ పెట్టుకోండి. అసలు వీలుకాకపోతే ఐసొలేషన్ కేంద్రం ఎక్కడ పెట్టారో కాల్ సెంటర్‌కి చేసి కనుక్కోండి. 2020లో అమీర్‌పేట ప్రకృతి చికిత్సాలయాన్ని అలా వాడుకున్నారు. బ్లీచింగ్ నీళ్లు నేల తుడవడానికే. మనుషుల మీద చల్లొద్దని 2020 ఏప్రిల్‌లోనే కేంద్ర ఆరోగ్యశాఖ చెప్పింది. బ్లీచింగ్‌లో బాత్రూం యాసిడ్ కలపకండి, విషవాయువు వస్తుంది.

వానాకాలంలో ప్రతి జ్వరమూ కరోనా కాదు. డెంగీ కావచ్చు. పరీక్ష అయ్యేదాకా పారాసెటమాల్ తప్ప ఇంకో నొప్పి మాత్ర వేసుకోకండి. డెంగీలో జ్వరం తగ్గిన రోజే అసలు జాగ్రత్తగా ఉండాలి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మనిషి మగతగా అయిపోవడం, వీటిలో ఏది కనిపించినా ఆస్పత్రికే. 2020లో మున్సిపల్ శాఖ ప్రతి ఆదివారం పదింటికి పది నిమిషాలు అని ఒక కార్యక్రమం పెట్టింది. కూలర్లో, పూలకుండీల కింద, పాత టైర్లలో నిలిచిన నీళ్లు పారబోయడమే. దోమ గుడ్డు వారం, పది రోజుల్లో దోమ అవుతుంది, అందుకే వారానికోసారి. మా ఇంట్లో ఇప్పటికీ చేస్తున్నాం.

హాస్టళ్లలో, గదుల్లో ఉండే పిల్లలకు ప్రత్యేకంగా చెప్పాలి. 2020 మార్చి 25న ఏం జరిగిందో మీలో చాలామందికి గుర్తుండకపోవచ్చు. హాస్టళ్లు ఖాళీ చెయ్యమంటే వేలమంది ఆంధ్ర పిల్లలు పోలీసుల దగ్గర పాసులు తీసుకుని బయల్దేరి, జగ్గయ్యపేట దగ్గర గరికపాడు చెక్‌పోస్టులో ఇరుక్కుపోయారు. సంచులు భుజాన వేసుకుని రోడ్డు మీద నిలబడ్డ ఆ ఆడపిల్లల్ని టీవీలో చూసి ఏడ్చాను. కాబట్టి పది రోజులకి బియ్యం, పప్పు, ఎలక్ట్రిక్ కుక్కర్, కొంత నగదు దగ్గరుంచుకోండి. బయల్దేరే ముందు మన వైపు పాసు ఒక్కటే కాదు, అవతలి రాష్ట్రం రానిస్తుందా అని కూడా అడగండి. తిండికి ఇబ్బంది అయితే మొహమాటపడొద్దు. జీహెచ్‌ఎంసీ ఐదు రూపాయల భోజనం లాక్‌డౌన్‌లో ఉచితంగానే పెట్టారు.

జ్వరాల సర్వేకి ఆశా వర్కర్ వస్తే తలుపు తియ్యండి, నిజం చెప్పండి. 2021 మేలో మా వీధిలో కొందరు జ్వరం దాచారు, ఎవరైనా తీసుకుపోతారేమోనని. మందుల కిట్ ఇచ్చి వెళ్లేవాళ్లు అంతే. మండుటెండలో గడప గడపా తిరిగిన ఆ అమ్మాయికి మంచినీళ్లు ఇవ్వడం కూడా మర్చిపోకండి. పనమ్మాయిని రావొద్దన్న నెల జీతం ఆపకండి. జీతం ఆగితే జ్వరంతోనే ఇంకో ఇంటికి పనికి వెళ్తుంది.

మొన్న ఆదివారం మా కాగితం తిరగరాశాను. ఆశా వర్కర్ మారింది, కొత్తామె నంబరు వేశాను. ఎదురింటి బాబాయి గారికి ఒక కాపీ ఇస్తే, కళ్లజోడు లేకుండా కూడా కనిపించేలా రాయమ్మా అన్నారు. ఆయన కోసం స్కెచ్ పెన్నుతో మళ్లీ రాశాను, 108 అన్నిటికంటే పైన.