సెకండ్ హ్యాండ్ మ్యాచ్ ఎయిర్ రైఫిల్: చూసి కొనడం, షూటర్‌కు సరిగ్గా అమర్చడం ఎలా?

పిల్లలకు కొత్త మ్యాచ్ ఎయిర్ రైఫిల్ (పోటీల్లో వాడే గాలి తుపాకీ) కొనాలంటే లక్షల్లో మాట. కాబట్టి సెకండ్ హ్యాండ్‌కు వెళ్లడం తెలివైన పనే. వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్, అన్‌షుట్జ్, స్టైయర్ కంపెనీల రైఫిళ్లు బాగా చూసుకుంటే ఏళ్ల తరబడి గురి తప్పవు. చిక్కంతా కొన్న తర్వాతే మొదలవుతుంది. పాత యజమాని కొలతల్లోనే రైఫిల్‌ను పిల్ల చేతికిస్తారు. మెడ వంచి, భుజం ఎత్తి, ఎలాగోలా పీప్‌లోకి (గురి చూసే వెనుక సైట్‌లోని చిన్న రంధ్రంలోకి) చూడటం ఆ పిల్లకు అలవాటైపోతుంది. ఆరు నెలల తర్వాత స్కోరు పెరగడం లేదని కోచ్‌ను మారుస్తారు. నేను రేంజ్‌లో పదేపదే చూసేది ఇదే.

10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పది రింగ్ అంటే అర మిల్లీమీటరు చుక్క. దశాంశాల్లో స్కోరు వేస్తారు కాబట్టి పెల్లెట్ (చిన్న సీసం గుండు) కేంద్రం నుంచి జరిగే ప్రతి 0.25 మిల్లీమీటరుకు 0.1 పాయింటు పోతుంది. ఇంత సన్నని లెక్కలో కన్ను పీప్ వెనుక కాస్త పక్కకు ఉన్నా స్కోరు బోర్డు మీద తెలిసిపోతుంది.

కొనే ముందు చూడాల్సినవి

రైఫిల్ చేతికి రాగానే లివర్ తెరిచి, లోపల పెల్లెట్ లేదని కళ్లారా చూసి, సేఫ్టీ ఫ్లాగ్ (తుపాకీ ఖాళీగా ఉందని చూపే గుర్తు) పెట్టండి. తర్వాతే మిగతా పని.

మొదట గాలి నింపే సిలిండర్. దాని మీద తయారైన నెల, సంవత్సరం ముద్రించి ఉంటాయి. గరిష్ఠ గడువు 10 ఏళ్లు. గడువు లోపల ఉందో లేదో చూసుకునే బాధ్యత షూటర్‌దేనని ఐఎస్ఎస్ఎఫ్ (అంతర్జాతీయ షూటింగ్ క్రీడా సమాఖ్య) నియమాలే చెబుతున్నాయి. గడువు దాటిన సిలిండర్ ఇస్తుంటే కొత్త సిలిండర్ ధర తగ్గించి బేరమాడండి. ఆ పాతదాన్ని మాత్రం మళ్లీ నింపొద్దు. 200 బార్ ఒత్తిడి ఉండే వస్తువు పిల్లల ముఖానికి దగ్గరగా ఉంటుంది, అక్కడ పొదుపు పనికిరాదు. గడువు బాగుంటే నింపించి, మీటర్ ఎంత చూపిస్తోందో ఫోటో తీసి, రెండు రోజులు వదిలేయండి. ముల్లు దిగితే లీకున్నట్టే. నింపగానే గాలి వేడిగా ఉంటుంది, చల్లారాక ముల్లు కొద్దిగా దిగడం సహజం. అందుకే ఫోటో చల్లారాకే తీయాలి. మే నెల ఎండల్లో, గాలి నింపి ఉన్న సిలిండర్‌ను కారులో వదిలేయడం అన్నది అసలు జరగకూడదు.

తర్వాత రెగ్యులేటర్, అంటే ప్రతి షాట్‌కూ ఒకే ఒత్తిడితో గాలి అందించే భాగం. క్రోనోగ్రాఫ్ (పెల్లెట్ వేగం కొలిచే పరికరం) దొరికితే 20 షాట్లు కాల్చి వేగం చూడండి. మ్యాచ్ రైఫిల్‌లో సెకనుకు 170 మీటర్లు, ఆ చుట్టుపక్కల ఉంటుంది. ఆ అంకె ఎంతన్నది పెద్ద విషయం కాదు, షాట్‌కూ షాట్‌కూ తేడా రెండు మూడు మీటర్లు దాటకూడదు. ఇంకో పరీక్ష కూడా చేయండి, చాలామంది దీన్ని వదిలేస్తారు. కొన్ని షాట్లు కాల్చి, పావుగంట ఆపి, మళ్లీ ఒకటి కాల్చండి. ఆ మొదటి షాట్ ఒక్కటే వేగంగా వెళ్లి గ్రూప్‌కు (మిగతా షాట్లు పడిన గుంపుకు) పైన పడితే రెగ్యులేటర్ సీల్ అరిగిందని అర్థం. సర్వీస్ ఖర్చు ధరలోంచి తగ్గించమని అడగండి.

బ్యారెల్ గురించి అనవసరంగా టెన్షన్ పడొద్దు. మెత్తటి సీసం పెల్లెట్లు, తక్కువ వేగం కాబట్టి ఎయిర్ రైఫిల్ బ్యారెల్ అరగడం అరుదు. పాడు చేసేవి తుప్పు, ఇనుప బ్రష్. మూతి అంచు చుట్టూ దూది పుల్ల తిప్పండి, పోగులు చిక్కుకుంటే అక్కడ దెబ్బ తగిలినట్టు. తర్వాత రైఫిల్‌ను వైస్‌లో (కదలకుండా పట్టే బిగింపు పరికరంలో) బిగించి 10 మీటర్ల దూరంలో పది షాట్లు కాల్చండి. ఐదు షాట్ల గ్రూప్ నమ్మొద్దు. మంచి పెల్లెట్‌తో పదీ ఒకే రంధ్రంలో, అంచు నుంచి అంచుకు ఐదున్నర మిల్లీమీటర్ల లోపు ఉండాలి. గ్రూప్ విచ్చుకుంటే రైఫిల్‌ను తిట్టే ముందు పెల్లెట్ బ్యాచ్ మార్చి చూడండి. అమ్మేవాళ్లు చూపించే ఫ్యాక్టరీ టెస్ట్ కార్డు ఆ రోజు, ఆ పెల్లెట్‌తో కాల్చినది. ఈ రోజు సంగతి అది చెప్పదు.

వైస్‌లో ఉండగానే పీప్ సైట్‌ను 20 క్లిక్‌లు కుడికి, మళ్లీ 20 ఎడమకు తిప్పి కాల్చండి. గ్రూప్ పాత చోటికే రావాలి. రాకపోతే సైట్ మార్చాల్సిందే.

సెకండ్ హ్యాండ్‌లో అల్యూమినియం స్టాక్ (బ్యారెల్‌ను మోసే, భుజానికి ఆనించే చట్రం) తప్ప ఇంకేదీ కొనొద్దు. చెక్క స్టాక్ అందంగా ఉంటుంది, నాకూ ఇష్టమే. కానీ పాత యజమాని తన చేతికి తగ్గట్టు చెక్కేసుకున్న గ్రిప్, చెంప దగ్గర గీకేసిన చెక్క మళ్లీ పెరగవు. అల్యూమినియంలో ప్రతిదీ జరుగుతుంది, చాలావాటి మీద మిల్లీమీటరు గీతలూ ఉంటాయి. బిల్లు, దిగుమతి కాగితాలు, సీరియల్ నంబరు సరిపోల్చుకుని డబ్బు ఇవ్వండి.

అమర్చడం: చీక్‌పీస్ (చెంప ఆనించే భాగం) దగ్గరే అంతా తేలుతుంది

ఇక్కడ తొందరపడొద్దు. ఒక సాయంత్రం మొత్తం దీనికే కేటాయించండి.

అమర్చేటప్పుడు షూటర్ జాకెట్, ప్యాంటు, బూట్లు అన్నీ వేసుకుని ఉండాలి. టీ షర్ట్ మీద అమర్చిన రైఫిల్ జాకెట్ వేసుకోగానే పొడవైపోతుంది. ముందు బట్ ప్లేట్ (భుజానికి ఆనే వెనుక భాగం) ఎత్తు సరిచూడండి. రైఫిల్ ముఖం దగ్గరకు రావాలి తప్ప ముఖం రైఫిల్ దగ్గరకు వంగకూడదు. ఆ తర్వాత పొడవు, చివర్న గ్రిప్. ఇవి ఓ మోస్తరుగా కుదిరితే చాలు, తర్వాత సవరించుకోవచ్చు. హ్యాండ్ రెస్ట్ (ముందు చెయ్యి ఆనే భాగం) ఎత్తు కూడా అంతే. ఎడమ మోచెయ్యి తుంటి మీద ఆనాక, కండరాలతో ఎత్తకుండానే రైఫిల్ టార్గెట్ ఎత్తుకు రావాలి. ఆ ఎత్తు నేల నుంచి 1.40 మీటర్లు.

ఇప్పుడు చీక్‌పీస్. చెంప దాని మీద ఆనించి, తల బరువు పూర్తిగా వదిలేయమనండి. సగం బరువే వదిలి, మిగతా సగం మెడతో మోయడం దాదాపు అందరూ చేసే పొరపాటు. అలా అమర్చిన చీక్‌పీస్ మొదటి పది షాట్ల వరకు బాగుంటుంది. మెడ అలిసేకొద్దీ తల కిందికి దిగుతుంది, కన్ను దిగుతుంది, గ్రూప్ జరుగుతుంది. పక్కన నిలబడి చూస్తే ఈ తేడా మీకే కనబడుతుంది. తల వదిలేసినప్పుడు చెంప చర్మం చీక్‌పీస్ పై అంచు మీద చిన్న మడతలా ముందుకు పొంగుతుంది, చెవి కింద మెడ నరం కనబడదు. మడత లేకుండా నరం తాడులా తేలి ఉంటే తల ఇంకా గాల్లోనే ఉందన్నమాట.

తల వదిలాక కళ్లు మూసుకోమనండి. రెండు మూడు ఊపిర్లు. తల కదపకుండా కళ్లు తెరవాలి. తెరిచిన ఆ క్షణంలో ఏం కనబడిందో అదే నిజం. ఒక్క సెకను దాటితే మనిషి తెలియకుండానే తల సర్దుకుంటాడు, తర్వాత చెప్పేదేదీ లెక్కలోకి రాదు. బ్యారెల్ మూతి దగ్గరుండే ఫ్రంట్ సైట్ గొట్టం పీప్ రంధ్రం మధ్యలో, చుట్టూ సమానమైన వెలుగు అంచుతో కనబడాలి. గొట్టం ఎటు జరిగి కనిపిస్తే కన్ను అటు జరిగి ఉన్నట్టు. పైకి కనబడితే కన్ను పైన ఉంది, చీక్‌పీస్ దించాలి. కిందికి కనబడితే ఎత్తాలి. కుడిచేత్తో కాల్చేవాళ్లకు గొట్టం ఎడమకు కనబడితే చీక్‌పీస్‌ను ముఖం నుంచి లోపలికి జరపాలి, కుడికి కనబడితే ముఖం వైపు బయటికి తేవాలి.

ఒకసారికి ఒక్క మిల్లీమీటరు. ఎత్తు మార్చినప్పుడు పక్కకు ముట్టుకోవద్దు, పక్కకు మార్చినప్పుడు ఎత్తు ముట్టుకోవద్దు. రెండూ కలిపి తిప్పితే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. ప్రతి మార్పు తర్వాత రైఫిల్‌ను స్టాండ్ మీద పెట్టించి, మళ్లీ మొదటి నుంచి ఎత్తి, కళ్లు మూసే పరీక్ష మూడుసార్లు చేయించండి. మూడుసార్లూ ఒకేలా కనబడితేనే స్క్రూ బిగించండి. కంపెనీ మాన్యువల్‌లో బిగింపు ఎంతో రాసి ఉంటే టార్క్ డ్రైవర్‌తో అంతే బిగించాలి, చేతి అంచనా వద్దు.

చీక్‌పీస్ ఎంత సర్దినా మెడ వంగుతూనే ఉందా? మెడ పొడవున్న పిల్లల్లో ఇది మామూలే. ఇక చీక్‌పీస్‌తో కుస్తీ పట్టకుండా సైట్ల కింద రైజర్ బ్లాకులు (సైట్లను ఎత్తులో నిలిపే దిమ్మెలు) వేయండి. ముందూ వెనుకా ఒకే ఎత్తువి వేయాలి. అప్పుడు చీక్‌పీస్‌ను కూడా పైకి తెచ్చి పరీక్ష మళ్లీ మొదలుపెట్టాలి.

గ్రూప్ పక్కకు పడుతోందని వెంటనే సైట్ క్లిక్‌లు తిప్పేసేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది. కన్ను మధ్యలో లేనప్పుడు సైట్ తిప్పడమంటే బండి చక్రం వంకర పోతే హ్యాండిల్‌ను వంచి తోలడమే. కాసేపు తిన్నగా పోయినట్టుంటుంది. చెంప ఆనే ఒత్తిడి మారగానే గ్రూప్ మళ్లీ జరుగుతుంది. సైట్ ముట్టుకోవడం ఆఖరి పని.

అమర్చాక 40 షాట్లు ఆపకుండా కాల్చించి, మొదటి పదీ చివరి పదీ వేర్వేరు కాగితాల మీద పోల్చండి. చివరి పది కాస్త విచ్చుకోవచ్చు, అది అలసట. మొత్తంగా కిందికో పక్కకో జరిగితే మెడ ఇంకా పనిచేస్తోందని అర్థం, చీక్‌పీస్ దగ్గరకు తిరిగి వెళ్లాలి. కంప్యూటర్‌కు కలిపే ట్రైనింగ్ సెన్సర్లు ఇదంతా తెర మీద చూపిస్తాయంటారు. చూపిస్తాయి, కాదనను. తుపాకీ మూతి ఎలా కదిలిందో చూపిస్తాయి తప్ప మెడ నరం చూపించవు. పక్కన నిలబడి చూసే మనిషే కావాలి.

ఫ్రంట్ రింగ్ (ఫ్రంట్ సైట్ గొట్టంలో ఉండే, టార్గెట్‌ను చూసే వలయం) విషయంలో 4.0 మిల్లీమీటర్ల కంటే చిన్నది పెట్టొద్దు. నల్ల బుల్ (టార్గెట్ మధ్యలోని నల్ల వృత్తం) చుట్టూ తెల్ల వెలుగు ధారాళంగా ఉండాలి. సన్నటి రింగ్ పెడితే పిల్లలు పరిపూర్ణమైన చిత్రం కోసం ఎదురుచూస్తూ ట్రిగ్గర్ ఆలస్యం చేస్తారు.

అన్నీ కుదిరాక ప్రతి కొలతా నోట్‌బుక్‌లో రాసి, జరిగే భాగాల మీద పెయింట్ మార్కర్‌తో సన్నటి గీత పెట్టండి. ప్రయాణంలో ఏదైనా వదులైతే గీత తప్పి ఇట్టే తెలిసిపోతుంది. పోటీకి మూడు వారాల ముందు నుంచి దేన్నీ ముట్టుకోకూడదు. ఎదిగే వయసు పిల్లలకు మూడు నెలలకోసారి కళ్లు మూసే పరీక్ష చేయించండి. కొత్త జాకెట్ కొన్నప్పుడు మాత్రం మూడు నెలలు ఆగకుండా, ఆ రోజే బట్ ప్లేట్ దగ్గర్నుంచి మళ్లీ మొదలుపెట్టాలి.