స్వరాల మధ్య దూరం చెవికి పట్టాలంటే

ముందు ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టి, మీ గొంతుకు హాయిగా ఉన్న శ్రుతి దగ్గర ఆపి, ఐదు నిమిషాలు ఊరికే 'స' పాడండి, తొందరపడొద్దు, ఎందుకంటే 'స' కదిలిపోతే పైన ఏ స్వరమూ నిలబడదు. మా తిరుపతిలో తెల్లవారుజామున, వీధిలో ఆటోల రొద మొదలవకముందు కూర్చుంటే ఇది బాగా కుదురుతుంది.

తర్వాత పంచమం. స–ప నిష్పత్తి 3:2, అంటే 'స' రెండుసార్లు కంపించేలోగా 'ప' మూడుసార్లు కంపిస్తుంది. సరిగ్గా పడితే గొంతు తంబూరాలో కలిసిపోతుంది, కాస్త తగ్గితే నాదం అలలా ఊగుతుంది. ఆ ఊపు ఆగేదాకా గొంతును కొంచెం కొంచెంగా పైకి జరపండి. నా దృష్టిలో అసలు పాఠం ఇదే.

శుద్ధ మధ్యమం, అంటే కింది 'మ', దగ్గరే టెన్షన్. దాని నిష్పత్తి 4:3, అదీ 3:2 లాగే చిన్న అంకెల నిష్పత్తి కాబట్టి 'స' తో బాగా కలిసిపోతుంది, అందుకే చాలామంది పంచమంతో పొరబడతారు. 'ప' మీద ఆగితే నిశ్చింతగా ఉంటుంది, 'మ' మీద ఆగితే 'గ' లోకి దిగాలనిపిస్తుంది.

రిషభాలకు, అంటే 'రి' లోని రకాలకు, రాగాలే దారి. మాయామాళవగౌళలో 'సరిగ', వెంటనే మోహనలో 'సరిగ' పాడండి. రెండింటిలోనూ 'గ' ఒకటే, అంతర గాంధారమే (పై 'గ') కాబట్టి తేడా అంతా 'రి' లోనే దొరుకుతుంది: మొదటిది 'స' ను ఆనుకునే ఉంటుంది, రెండోది ఇంకో మెట్టు పైన.

ఇక ఇంట్లో చెల్లినో తమ్ముడినో కీబోర్డు మీద రెండు మెట్లు నొక్కమని, మీరు అటు తిరిగి కూర్చుని, ఆ రెండు స్వరాలనూ పైకి పాడాకే వాటి మధ్య దూరం ఎంతో జవాబు చెప్పండి.