బ్లాక్‌చెయిన్‌ను దాచుకుందాం – 4వ పాఠం: ఫైలు వేరు, బ్లాకు వేరు

గత పాఠంలో బిట్‌కాయిన్ కోర్ నోడ్‌ను (లావాదేవీల కట్టలైన బ్లాకుల గొలుసును మన కంప్యూటర్లో ఉంచే ప్రోగ్రామును) ఆపి 'బ్లాక్స్' ఫోల్డర్‌ను బయటి డిస్కులోకి కాపీ చెయ్యమన్నాను. చివర్లో "ఇంకొకరి కాపీతో సరిచూసుకోండి" అని ఒక్క ముక్క రాసి ఊరుకున్నాను. తప్పు నాదే. చాలామంది ఫైళ్లకు షా-256 (ఫైలుకు వేలిముద్ర లాంటి సంఖ్య) తీసి పోల్చారు, ఒక్కటీ కలవలేదు. ఒకాయన టెన్షన్‌తో డిస్కు ఫార్మాట్ కొట్టి, 600 జీబీ దాటిన డేటాను మళ్లీ మొదటి నుంచి దించుకుంటున్నారు. కాబట్టి ఈసారి అనుకున్న మెర్కల్ చెట్టు పాఠం వచ్చేసారికి. ముందు ఈ పేచీ తేలాలి.

మీ కాపీ బాగానే ఉంది. నోడ్ ఒకేసారి చాలామంది దగ్గర్నుంచి బ్లాకులు తెచ్చుకుంటుంది, ఏది ముందొస్తే దాన్ని ముందు రాసుకుంటుంది. ఒక పుస్తకం పేజీలు విడివిడిగా పోస్టులో వచ్చాయనుకోండి. వచ్చినవి వచ్చినట్టే పెట్టెలో వేశారు, పెట్టె నిండితే ఇంకో పెట్టె తీశారు. ఇక్కడ పెట్టె అంటే 128 ఎంబీ ఫైలు. మీ మూడో పెట్టె, నా మూడో పెట్టె ఒకలా ఎందుకుంటాయి? పేజీలు మాత్రం అవే. పైగా గొలుసులో చోటు దక్కని బ్లాకులు కూడా ఒకరి డిస్కులో ఉంటాయి, ఇంకొకరి దాంట్లో ఉండవు. 2024లో వచ్చిన 28వ వెర్షన్‌తో కొత్తగా మొదలుపెట్టిన వాళ్లకైతే ఫైళ్లు ఎవరి తాళంతో వాళ్లకు ఎక్సార్ అయి (ఆ తాళంతో బిట్లు మారిపోయి) ఉంటాయి. ఆ తాళం అదే ఫోల్డర్‌లో 'xor.dat' అనే బుల్లి ఫైలు. కాపీలో అది వదిలేస్తే మిగతా వాటిని నోడ్ గుర్తుపట్టదు.

మరి దేన్ని పోల్చాలి? 'గెట్‌బ్లాక్‌హాష్' (బ్లాకు హాష్, అంటే దాని వేలిముద్ర, చెప్పే ఆదేశం) అని తొందరపడకండి. పాత బ్లాకులు చెరిపేసిన ప్రూన్డ్ నోడ్ కూడా ఆ హాష్ ఠక్కున చెప్పేస్తుంది, దానికి ఇండెక్స్ (బ్లాకుల పట్టిక) చాలు. పెళ్లిపత్రిక ఉన్నంత మాత్రాన పెళ్లి భోజనం తిన్నట్టు కాదు కదా. 'గెట్‌బ్లాక్' వెనక ఆ హాష్, ఆపైన 0 ఇవ్వండి. డిస్కులోంచి పూర్తి బ్లాకు హెక్స్‌లో (0-9 అంకెలు, ఎ-ఎఫ్ అక్షరాల్లో) వస్తుంది. షా తీసి పోల్చాల్సింది దాన్ని.

'వెరిఫైచెయిన్' (బ్లాకులను సరిచూసే ఆదేశం) ఉందిగా అంటారు. ఉత్తగా కొడితే అది చూసేది చివరి 6 బ్లాకులే! 'వెరిఫైచెయిన్ 1 0' అని కొట్టండి, అన్నీ చూస్తుంది. గంటలు పడుతుంది, రాత్రి పెట్టి పడుకోండి.

నేనైతే 'చెయిన్‌స్టేట్' (ఇంకా ఖర్చవని నాణేల జాబితా) ఫోల్డర్ దాచను. బ్లాకులుంటే రీఇండెక్స్‌తో (వాటిని మళ్లీ మొదటి నుంచి చదివించడంతో) అదే తయారవుతుంది. డిస్కు ఖాళీ ఉన్నవాళ్లు దాచుకోండి, గొడవ లేదు.

అభ్యాసం: 0, 170, 210000, 840000 బ్లాకులు. 170లో బిట్‌కాయిన్ సృష్టికర్త సతోషి నుంచి తొలి వాడకందారుల్లో ఒకరైన హాల్ ఫినీకి వెళ్లిన మొదటి చెల్లింపు ఉంది, చివరి రెండూ 2012, 2024 హాల్వింగులు (కొత్త బ్లాకుకిచ్చే బహుమతి సగమైన చోట్లు). నాలుగింటి షా విలువలు ఇంకొకరితో ఫోన్లో చదివి కలపండి. ఓపికుంటే మీ కాపీకి ఇంకో కాపీ తీసి, నెట్ తీసేసిన కంప్యూటర్లో 'అస్యూమ్‌వాలిడ్' (పాత సంతకాల తనిఖీని దాటేసే సెట్టింగు) 0 పెట్టి రీఇండెక్స్ చెయ్యండి. పాత సంతకాలతో సహా అన్నీ తనే తనిఖీ చేస్తుంది, రోజులు పట్టొచ్చు.

షా కలవకపోతే వెంటనే ఫార్మాట్ కొట్టకండి. హెక్స్‌ను ఫైల్లో రాసుకుని షా తీస్తే, విండోస్, లైనక్స్ లైను చివర పెట్టే గుర్తు వేరు, పాత పవర్‌షెల్ ఫైలును యూటీఎఫ్-16లో రాస్తుంది. ముందు అది చూడండి.