క్లారినెట్ స్వయంశిక్షణ – 7వ పాఠం: ప్లాస్టిక్ రీడు వేడెక్కనివ్వండి

కిందటి పాఠంలో కర్ర రీడు (క్లారినెట్ మూతి దగ్గర బిగించే, ఊదితే అదిరి నాదం పుట్టించే పలచని బద్ద) తీసి ప్లాస్టిక్ రీడు బిగించమన్నాను. పర్లాకిమిడి, గుణుపురం వైపు నుంచి "రాయిలా ఉంది గురువుగారూ, ఊదలేకపోతున్నాం" అన్నారు. బరంపురం బ్యాండు మేళం వాళ్లు మాత్రం ఊరేగింపు సగానికి రాకముందే రీడు మెత్తబడి శ్రుతి దిగిపోతోందన్నారు. రెండింటికీ మూలం ఒకటే: రీడు వేడి. కాబట్టి ఈసారి మొదలుపెట్టాల్సిన గమకాలు (స్వరాన్ని ఊపి, జార్చి పలికించడం) వచ్చే పాఠానికి.

రెల్లు జాతి మొక్కతో చేసే కర్ర రీడు ఉమ్మిని పీల్చుకుని మెత్తబడుతుంది. ప్లాస్టిక్ దేన్నీ పీల్చుకోదు, అందుకే తడపనక్కర లేదు. కానీ వేడికి లొంగుతుంది. మాఘమాసంలో రాయగడలో తెల్లవారుజాము ముహూర్తానికి బిరుసుగా పలికిన రీడే వైశాఖపు ఎండలో మరో నంబరు (రీడు గట్టిదనానికి కొలత) రీడులా ఊగుతుంది. మెత్తబడ్డ రీడును వీధిలో గట్టిగా ఊదితే శ్రుతి దిగక తప్పదు.

ఇక్కడే కొందరు నాకు కోపం తెప్పించే పని చేశారు. మొదటి ఊపిరికే "గట్టిది" అని తేల్చి బ్లేడుతో గీకారు. దయచేసి బ్లేడు కింద పెట్టండి! కర్ర రీడును మన మేళాల్లో తరతరాలుగా గీకుతున్నారు, నిజమే. ప్లాస్టిక్‌ను అలా గీకితే అంచున నూగు లేస్తుంది, ఒక పక్క పలచబడుతుంది, ఇక కీచుమంటూనే ఉంటుంది. పైగా మీరు గీకింది చల్లని రీడును. అది వేడెక్కేసరికి మీకు కావలసిన దానికంటే మెత్తనైపోతుంది. అప్పుడు శ్రుతి నిలపడానికి పళ్లతో నొక్కుతారు, నాదం గొంతులోనే చచ్చిపోతుంది.

పది నిమిషాలు మంద్రంలో (కింది స్థాయిలో) పొడుగు స్వరాలు ఊదాకే రీడు మీద తీర్పు చెప్పండి. అప్పటికీ గట్టిగా ఉంటే రీడును వెంట్రుకవాసి కిందికి జరపండి, మెత్తగా ఉంటే పైకి. దానికీ లొంగకపోతేనే నంబరు మార్చండి. లెజేర్ వంటి కంపెనీల ప్లాస్టిక్ రీడ్లు 2, 2.25, 2.5 అంటూ పావు తేడాతో దొరుకుతాయి. నేనైతే కర్ర నంబరు కంటే పావు తక్కువే వాడతాను. ఎండాకాలం ఊరేగింపుకు మాత్రం రెండు రీడ్లు జేబులో ఉంచుకుని మార్చి మార్చి ఊదుతాను.

గురగుర శబ్దం వస్తే రీడు కింద నీరు చేరినట్టే. ఊపిరి ఒక్కసారి వెనక్కి లాగితే పోతుంది.

సాధన: మంద్ర స పట్టి, అదే ఊపిరిలో ఎడమ బొటనవేలితో రిజిస్టర్ కీ (స్వరాన్ని పై స్థాయికి ఎక్కించే మీట) తెరవండి. క్లారినెట్ వేణువులా పై స కు పోదు, పై స్థాయి ప కు ఎగురుతుంది. పెదవి కదలకుండా ఆ ప పలకాలి. కీ మూసి మళ్లీ స కు దిగాలి. పళ్లతో నొక్కుతున్నారో లేదో ఇందులో తెలిసిపోతుంది. స తర్వాత కింది స్వరాలన్నింటినీ ఒక్కొక్కటిగా ఇలాగే చేయండి. ఏ స్వరం దగ్గర తడబడ్డారో, అప్పటికి రీడు వేడెక్కిందో లేదో రాసి ఉంచుకోండి. గమకాలు ఆ కాగితం చూసే మొదలుపెడదాం.