వల తెగితే అర్జీ ఎక్కడిదాకా పోవాలి?

రిటైరయ్యాక నెల్లూరు జిల్లా అల్లూరు మండలం తీరంలో మత్స్యకారులకు అర్జీలు రాసిపెడుతున్నా. ఎక్కువగా ఒకటే గోడు: రాత్రి వేసిన వల మీదుగా తమిళనాడు బోటు పోయింది, తెల్లారి లాగితే సగమే చేతికొచ్చింది. మొదటిసారి ఆవేశంగా నాలుగు పేజీలు రాసి నేరుగా ఢిల్లీకి పోస్టు చేశా. అది తిరిగి తిరిగి జిల్లాకే వచ్చింది.

ఇలాంటి తగువులు రాష్ట్రాలు కూర్చుని మాట్లాడుకోవడానికే సదరన్ జోనల్ కౌన్సిల్ ఉంది. 1956 నాటి రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ చట్టంతో వచ్చింది. కేంద్ర హోంమంత్రి అధ్యక్షుడు. ఒక్కో రాష్ట్రం నుంచి ముఖ్యమంత్రి, మరో ఇద్దరు మంత్రులు. మన ఆంధ్రప్రదేశ్, తమిళనాడు, కర్ణాటక, కేరళ, తెలంగాణతో పాటు పుదుచ్చేరి కూడా సభ్యురాలే. కాబట్టి కారైకాల్ బోటయినా లెక్కలోకి వస్తుంది. 2021 నవంబరు 14న తిరుపతిలోనే సమావేశమయ్యారు. అలాగని గేటు దగ్గర కాగితం పట్టుకుని నిలబడితే లాభం లేదు. మన సమస్యను మన రాష్ట్రమే అజెండాలో పెట్టించాలి.

అందుకని రెండు కాగితాలు రాయండి. తెగిన వలకు నష్టపరిహారం అడిగేది వేరు, అది పోలీసులకూ మత్స్యశాఖకూ. రెండోది రాష్ట్రాల మధ్య సమస్యగా రాసేది. రెండూ కలిపారా, వల లెక్క దగ్గరే ఆగిపోతుంది.

రెండో దాంట్లో ఒక సంఘటన కాదు, ఏడాదిలో జరిగినవన్నీ పట్టికగా ఇవ్వండి: తేదీ, వేళ, ఒడ్డు నుంచి దూరం, ఫోన్‌లో చూపించే అక్షాంశ రేఖాంశాలు, బోటు నంబరు. తమిళనాడు బోట్ల మీద ‘ఐఎన్‌డీ-టీఎన్’ అని మొదలవుతుంది. చీకట్లో నంబరు చిక్కదంటారు, నిజమే. చిక్కిన రెండు మూడయినా రాయండి, చిక్కనిది ఊహించి మాత్రం రాయొద్దు. ఒక్క నంబరు తప్పయితే అవతలివాళ్లు మొత్తం పట్టికనే కొట్టేస్తారు.

‘న్యాయం చేయగలరు’ అని ముగించకండి. ఏం కావాలో అడగండి: ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కదా, అది ముగిసేలోపు రెండు రాష్ట్రాల మత్స్యశాఖ అధికారులు కలిసి కూర్చోవాలని.

సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టరుకు ఇచ్చి, ఒక ప్రతి మత్స్యశాఖ జిల్లా కార్యాలయంలో, ఇంకోటి ఎంపీకి ఇవ్వండి. చివరికి అది చీఫ్ సెక్రటరీ బల్ల మీదికి చేరాలి. కౌన్సిల్‌కు ముందు చీఫ్ సెక్రటరీల స్థాయీ సంఘం కూర్చుంటుంది, అసలు బేరం అక్కడే. కౌన్సిల్ సలహా ఇస్తుందే గానీ ఆర్డరు వేయదు. కానీ అజెండాలో ఒక్క లైను పడితే చాలు, అవతలి రాష్ట్రం అధికారి ఏదో ఒక జవాబు రాసుకుని రావాల్సిందే.

రసీదు నంబరు మరిచిపోకండి. నేను మొదటిసారి తీసుకోలేదు. మూడు నెలల తర్వాత వెళ్లి అడిగితే, ‘ఏ అర్జీ సార్?’ అన్నారు.