కొత్త బట్టకి పాతకాలం రంగు, టీ డికాషన్‌తో

కాలేజీ ఫెస్ట్‌కో, సినిమా రిలీజ్ రోజుకో పాతకాలం నాటి పీరియడ్ గెటప్ వేద్దామంటే ఒకటే చిక్కు. విజయవాడ బట్టల మార్కెట్ వస్త్రలతలో కొన్న తెల్ల కాటన్ ఫొటోలో తళతళలాడుతూ, ఇప్పుడే షాపులోంచి తెచ్చినట్టే కనబడుతుంది. దీనికి సినిమా కాస్ట్యూమ్ విభాగాల్లో ఎప్పట్నుంచో వాడే పద్ధతే టీలో ముంచడం. కెమెరా ముందు మరీ తెల్లటి బట్ట గ్లేర్ కొడుతుందని అలా చేస్తారు.

ముందు బట్టని ఉతికి గంజి పూర్తిగా వదిలించండి, లేకపోతే రంగు మచ్చలుగా పడుతుంది. రెండు మీటర్లకి 4 లీటర్ల నీళ్లు, 8 చెంచాల టీ పొడి. డస్ట్ టీ చాలు, ఖరీదైన పొడి దండగ. పది నిమిషాలు మరిగించి పలచటి గుడ్డలో వడకట్టండి. పలుకు మిగిలితే అక్కడ చుక్క పడుతుంది. తడి బట్టనే అందులో ముంచి, అరగంట కదుపుతూ ఉండండి. ఆరాక రంగు తగ్గుతుంది కాబట్టి కాస్త ముదురుగా ఉన్నప్పుడే తీసి, చల్లటి నీళ్లలో జాడించి నీడన ఆరేయండి.

నాకు బాగా నచ్చేది తర్వాతి పని: కాలరు, చేతుల అంచుల మీద చిక్కటి డికాషన్‌ని స్పాంజితో అద్దండి. ఏళ్లుగా వాడిన చొక్కాలా వస్తుంది.

పాలిస్టర్ కలిసిన బట్టకి ఈ రంగు సరిగా పట్టదు. కొనేముందు ఒక పోగు అడిగి తీసుకుని, బయటికొచ్చి కాల్చి చూడండి. బూడిదైతే కాటన్, కరిగి గట్టి పూసలా ముద్దకడితే పాలిస్టర్.