బోల్ట్ సగమే లాగితే

అమెరికాలోని కొలరాడోలో ఎల్క్ అనే పెద్ద జింకల వేటంటే కొండలెక్కాలి కదా, బరువు తక్కువుంటే మేలని ఆరు పౌండ్ల రైఫిల్ కొన్నాను. పైగా 300 మాగ్నమ్ అనే బలమైన తూటాది. మోయడం హాయే, పేల్చినప్పుడు తెలిసింది. అదే తూటాకి రైఫిల్ తేలికైనకొద్దీ భుజాన్ని గట్టిగా తంతుంది. నాలుగో తూటాకల్లా ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకుంటున్నాను. ఇక గురెక్కడిది?

దాన్ని అమ్మేసి, స్కోప్‌తో కలిపి ఎనిమిదిన్నర పౌండ్లుండే, 30-06 అనే తూటా వాడే రైఫిల్ తీసుకున్నాను. ఎల్క్‌కి అది చాలు.

రెండో తప్పు పూర్తిగా నాదే. ఒకటి కాల్చగానే రైఫిల్ దించి, బోల్ట్‌ని, అంటే ఖాళీ తూటాని బయటికి తీసి కొత్తదాన్ని ఎక్కించే కడ్డీని, వేళ్లతో సుతారంగా లాగేవాణ్ణి. అది చివరిదాకా వెనక్కి రాకపోతే, ఖాళీ తూటా బయటపడినా మ్యాగజైన్‌లోని (తూటాల పెట్టెలోని) తర్వాతిది అందదు. మళ్లీ నొక్కితే టిక్కుమంటుంది, అంతే!

సాధనకి పేలని డమ్మీ తూటాలు కొన్నాను. అసలువి వేరే గదిలో పెట్టి తాళం వేశాక, రోజూ రాత్రి ఇరవైసార్లు సాధన: రైఫిల్ భుజం మీదే ఉంచి, అరచేత్తో బోల్ట్ పైకెత్తి, ఆగేదాకా లాగి, గట్టిగా తోయడం. ఆ చప్పుడుకి మా ఆవిడ టీవీ సౌండ్ పెంచేది. మూడు వారాలకి చేయి అలవాటుపడింది. మందపాటి గ్లవ్స్‌తో మాత్రం పట్టు జారేది, అందుకే బోల్ట్‌కి పెద్ద గుండున్న హ్యాండిల్ వేయించాను.